మామగారి స్థాయికి తగ్గ జబ్బు

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాక మామగారు మెట్ల మీద కూర్చుని కాలు బెణికినట్టు ఓసారి మూలగాలి. కోడలు ఆ కాలికి కట్టు కట్టాలి. ఆ తర్వాత ఇద్దరూ బస్సెక్కి వృత్తి శిక్షణ కేంద్రానికి వెళ్ళి, అదే మూలుగు, అదే కట్టు, పరీక్ష చేసే మేడమ్ ముందు ఒప్పజెప్పి భోజనాల వేళకి ఇంటికొచ్చేయాలి. ఇంతకన్నా తేలికైన పథకం ఉండదు. ఆ మాటకొస్తే చెడిపోవడానికి పథకం పెద్దదే కానక్కర్లేదు.

ప్రథమ చికిత్స, ఆరోగ్య సేవల కోర్సులో కోడలికిది మూడో ప్రయత్నం. రాతపరీక్ష ఎప్పుడో గట్టెక్కింది. చేతిపనికి వంక పెట్టడానికి లేదు, ఆమె కట్టిన కట్టు చూస్తే మనకూ ఓ దెబ్బ తగిలితే బాగుండుననిపిస్తుంది. వచ్చిన చిక్కల్లా గొంతుతోనే. నోట్లో నాలుక లేని మనిషి అంటారు చూడండి, ఆ మాట ఈమెను చూసే పుట్టించి ఉంటారు. అత్తగారింట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఆమె అరిచింది లేదు, ఎవరినీ ఫలానా పని చేయమన్నదీ లేదు. కూరలో ఉప్పు తక్కువైతే ఉప్పుడబ్బా వైపు దిగులుగా చూసేది, ఎవరో ఒకరు అందించేవారు.

ఆ కోర్సులో మొదటి పాఠమే గొంతు. మనిషి స్పృహ తప్పితే చుట్టూ చేరినవాళ్ళలో ఒక్కరిని వేలు పెట్టి చూపించి, "మీరు, అంబులెన్స్‌కి ఫోన్ చేయండి" అని గట్టిగా చెప్పాలి. ఎవరైనా చేయండి బాబూ అంటే ఎవరూ చేయరు, పక్కవాడు చేసే ఉంటాడనుకుంటారు. మొదటిసారి పరీక్షలో కోడలు వేలు చూపించడం మర్యాద కాదని చేతులు కట్టుకుని, "ఏమీ అనుకోకపోతే, మీకు వీలుంటే, ఒక్కసారి ఫోన్ చేస్తారా" అంది. "మీ మర్యాద పూర్తయ్యేలోపు రోగి పూర్తయిపోతాడమ్మా" అని మేడమ్ ఇంటికి పంపేసింది. రెండోసారి, దారిన పోయే మనిషి వేషం వేసిన గుమస్తా "నాకు పనుంది" అన్నాడు. అలా అనడం పరీక్షలో భాగం. కోడలు "ఫరవాలేదు లెండి, మీ పని చూసుకోండి" అని పక్కకి జరిగి దారిచ్చింది.

ఇప్పుడీ మూడోసారి పోతే ఇక ఉద్యోగమే పోతుంది. వయసు మళ్ళినవాళ్ళను చూసుకునే ఒక కేంద్రంలో ఆమె తాత్కాలికంగా పనిచేస్తోంది. ఆ పనంటే ఆమెకు ప్రాణం. అక్కడి ముసలివాళ్ళకి ఆమె అంటే ఇంకా ప్రాణం, గట్టిగా మాట్లాడని మనిషి వాళ్ళకి ఆమె ఒక్కతే దొరికింది. కానీ సర్టిఫికెట్ లేకపోతే వచ్చే నెల నుంచి రానక్కర్లేదని మేనేజరు నవ్వుతూనే చెప్పాడు. నవ్వుతూ చెప్పినా అర్థం అదే కదా.

దీనికి తోడు శిక్షణ కేంద్రంలో రోగి పాత్ర పోషించే రబ్బరు బొమ్మకి చెయ్యి ఊడిపోయింది. ఎవరి రోగిని వాళ్ళే తెచ్చుకోండన్నారు. భర్తకి కట్టుగుడ్డ చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. అత్తగారికి జబ్బులంటే నమ్మకం లేదు. మిగిలింది మామగారు.

మామగారు పోస్టాఫీసులో స్టాంపులు కొట్టి కొట్టి రిటైరైన మనిషి. ఆ కొట్టుడు వల్లే కుడిభుజం పోయిందని ఆయన వాదన. దాని వెనక వెన్నుపూస, కాలేయం, ఎడమకన్ను వరుసగా పోయాయి. గుండె మాత్రం పాతికేళ్ళుగా పోతూనే ఉంది. ఇన్ని జబ్బులున్నా ఒక్క డాక్టరు కూడా ఒక్కదాన్నీ ఒప్పుకున్న పాపాన పోలేదు. ఇంట్లో అత్తగారి వైద్యం ఒకటే: "లేచి అటూ ఇటూ తిరగండి, అదే పోతుంది." ఆయన గుండె పట్టుకుని కేకేస్తే ఆ భవనంలో తలుపు తీసినవాళ్ళు లేక ఏళ్ళయింది. అలాంటి మనిషిని రోగిగా రమ్మని పిలిస్తే ఎగిరి గంతేయకుండా ఉంటారా? వేశారు కూడా. ఏం జబ్బో తెలిసేదాకా.

"బెణుకా?" అన్నారు మెట్ల మీద కూర్చుంటూ. మొహం ముడుచుకుపోయింది.

"అవును మామయ్యా. తడి మెట్టు మీద జారి చీలమండ బెణికినట్టు. ఎక్కడ నొప్పి అని అడుగుతాను. మీరు కాలు చూపించాలి."

"అమ్మాయ్, ఇంత గుండె పెట్టుకుని బతుకుతున్న మనిషికి చీలమండ ఇస్తారటమ్మా? బెణుకులు పిల్లలకొస్తాయి. నా స్థాయి ఏమిటి, నా అనుభవం ఏమిటి?"

"పరీక్షలో ఇచ్చింది అదే మామయ్యా."

"వాళ్ళకి తెలీక ఇచ్చుంటారు. నేను చెప్పి చూస్తాను."

"వద్దు మామయ్యా, మీకు పుణ్యముంటుంది" అంది కోడలు, వినపడీ వినపడనట్టు.

ఎలాగో మూలగడం మొదలుపెట్టారు. మొదట చేతులు చీలమండ మీదే ఉన్నాయి. కోడలు సంచిలోంచి కట్టుగుడ్డ తీసేలోపు ఆ చేతులు మోకాలికి చేరాయి. ఆమె వంగేసరికి నడుం దాటాయి. "మామయ్యా, కాలు" అని ఆమె అంటూండగానే రెండు చేతులూ గుండె మీద వాలాయి, కళ్ళు మూతలు పడ్డాయి, మనిషి మెట్ల మలుపులో వెల్లకిలా పడుకుండిపోయారు. కొంచెం నాలుక కూడా బయటపెట్టారు, ఎవరూ అడక్కుండానే.

కోడలికి ఏడుపొచ్చినంత పనైంది. అంతలోనే ఓ ఆలోచన వచ్చింది. రెండుసార్లు తప్పింది ఈ ఘట్టంలోనే కదా. ఎలాగూ స్పృహ తప్పారు కాబట్టి ఆ ముక్క కూడా ఓసారి చదువుకుంటే పోలా? మోకాళ్ళ మీద కూర్చుని మామగారి భుజాలు తట్టింది. ఊపిరి చూసింది. తలెత్తింది. ఉద్యోగం, మేనేజరు నవ్వు, ఊడిన రబ్బరు చెయ్యి అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. కింది అంతస్తులో లాండ్రీ నడిపే ఆయన, ఇస్త్రీ చొక్కాలు భుజాన వేసుకుని సరిగ్గా అప్పుడే మెట్లెక్కి వస్తున్నాడు.

కోడలి వేలు లేచింది. "మీరు. చొక్కాలాయన. అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. ఇప్పుడే."

మెట్ల గోడలు ఆ గొంతుని పట్టుకుని పై అంతస్తు దాకా మోశాయి. మామగారే ఉలిక్కిపడి నాలుక లోపల పెట్టుకున్నారు. లాండ్రీ ఆయనకి ఆ ఇంటి కోడలికి గొంతు ఉందన్న సంగతి ఆరోజుదాకా తెలీదు. పెద్దాయన కేకలు రోజూ వింటాడు, చెవిన పెట్టడు. కానీ ఈ అమ్మాయి అరిచిందంటే? చొక్కాలు అక్కడే వదిలేసి, ఫోన్ తీసి, గబగబా చిరునామా చెప్పాడు.

"ఎంత బాగా చేశారండీ" అంది కోడలు. సంతోషంతో ఆమె కళ్ళు మెరిసిపోతున్నాయి. "అచ్చం నిజంగా ఫోన్ చేసినట్టే ఉంది. పోయినసారి పరీక్షలో గుమస్తాగారు మీలో సగం కూడా చేయలేదు."

లాండ్రీ ఆయన ఆమెను జాలిగా చూశాడు. పాపం, పిల్లకి మతి చెదిరిందనుకుని, ఆమె భర్తకి కూడా ఫోన్ చేశాడు.

సంగతి కోడలికి అర్థమయ్యేసరికి వీధిలో సైరన్ మోగుతోంది. "అయ్యో, నిజంగా చేశారా" అని ఆమె అంటే, "మీరేగా ఇప్పుడే అన్నారు" అన్నాడాయన. నిజమే. అన్నది ఆమే.

అంబులెన్స్‌లో వచ్చిన సహాయకుడు పనిమంతుడు. వస్తూనే మామగారి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, "పెద్దాయనా, ఎక్కడ నొప్పిగా ఉంది?" అని అడిగాడు. ఆ ప్రశ్న మామగారిని అడిగినవాళ్ళు లేక ఎన్నేళ్ళయిందో. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎక్కణ్ణుంచి మొదలెట్టమంటావు బాబూ?" అని, పోస్టాఫీసులో చేరిన రోజు నుంచి మొదలెట్టారు.

"ఏమీ లేదండీ ఆయనకి" అంది కోడలు. గొంతు మళ్ళీ పాత గొంతైపోయింది. "ఇదంతా మా పరీక్ష కోసమండీ. అసలు బెణుకు. ఆయన దాన్ని గుండెకి మార్చుకున్నారు. బొమ్మకి చెయ్యి ఊడిపోయిందండీ, అందుకని."

సహాయకుడు డ్రైవరు వైపు తిరిగి, "ఈవిడకి షాక్" అన్నాడు నెమ్మదిగా. డ్రైవరు దుప్పటి తెచ్చి ఆమెకు చుట్టేశాడు.

"షాక్ కాదండీ."

"అవునమ్మా. కాదు. మీరు మాట్లాడకండి."

కోడలికి అక్కడే చిక్కొచ్చి పడింది. షాక్‌లో ఉన్న మనిషికి దుప్పటి కప్పాలి, వాదించకూడదు, అవునవునంటూ కూర్చోబెట్టాలి. ఆమె చదివిన పుస్తకంలో అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది. అతను చేస్తున్నదానిలో ఒక్క తప్పూ లేదు. తను ఎంత వివరిస్తే దుప్పటి అంత బిగుస్తోంది.

గోరుచుట్టు మీద రోకలిపోటన్నట్టు అప్పుడే భర్త వచ్చాడు. ఆఫీసు నుంచి పరుగున వచ్చాడేమో, చొక్కా సగం బయటే ఉంది. స్ట్రెచర్ మీద నాన్న, దుప్పట్లో భార్య. "ఎవరికి? ఎవరికేమైంది?" అన్నాడు. సహాయకుడి చేతిలో కట్టుగుడ్డ కనిపించింది. అంతే, గోడకి ఆనుకుని మెల్లగా జారిపోయాడు.

ఈ గోలకి అత్తగారు బయటికొచ్చారు. మొగుణ్ణి చూశారు, కొడుకుని చూశారు, కోడల్ని చూశారు. "వీడు చిన్నప్పట్నుంచీ ఇంతే" అన్నారు. "ఇంతకీ భోజనానికి ఎంతమంది వస్తున్నట్టు?"

"అమ్మా, ముగ్గురినీ తీసుకెళ్తున్నాం" అన్నాడు సహాయకుడు. ఐతే తనొక్కతే తినడానికి వంటెందుకని ఆవిడ పొయ్యి ఆర్పి, తలుపు తాళం వేసి, చేతిసంచి పట్టుకుని తనూ ఎక్కి కూర్చున్నారు.

అలా బయల్దేరింది ఆ బండి. ఏ జబ్బూ లేని రోగి ఒకరు, షాక్ లేని షాక్ మనిషి ఒకరు, అసలు ఏం జరిగిందో తెలీకుండా పడిపోయిన కొడుకొకడు, కాలక్షేపానికి అత్తగారు. కోడలు కిటికీలోంచి చూస్తోంది. తాము ఎక్కాల్సిన బస్సుని అంబులెన్స్ సైరన్ కొట్టి మరీ దాటేసింది. పరీక్ష వేళ దగ్గరపడుతోంది. వచ్చే నెల నుంచి ఆ ముసలివాళ్ళ మొహాలు చూడనక్కర్లేదన్న మాట గుర్తొచ్చింది.

మామగారు మాత్రం మంచి హుషారుగా కాలేయం దాకా వచ్చారు. అప్పుడు సహాయకుడు పెట్టె తెరిచి పొడుగాటి సూది ఒకటి తీశాడు.

"అదెవరికి బాబూ?"

"మీకే పెద్దాయనా. గుండెనొప్పి అన్నారుగా, ముందు సెలైన్ ఎక్కించాలి."

"గుండెకేమైంది? లక్షణంగా ఉంది."

"భుజం కూడా అన్నారు."

"అన్నాను. ఇప్పుడు తగ్గింది. కాలేయం కూడా తగ్గింది. నాకసలు ఏ నొప్పీ లేదు నాయనా, కావాలంటే మా ఆవిణ్ణి అడుగు."

"నేను మొదట్నుంచీ అదే చెబుతున్నా" అన్నారు అత్తగారు.

సహాయకుడు తల ఊపాడు. "గుండెపోటు వచ్చినవాళ్ళు నాకేం లేదనే అంటారమ్మా. అది కూడా ఒక లక్షణమే." పాతికేళ్ళుగా జబ్బుందంటే నమ్మని లోకం, ఇప్పుడు లేదంటే నమ్మడం మానేసింది. మామగారు కుడితిలో పడ్డ ఎలుకలా కోడలి వైపు చూశారు. సూది దగ్గరికొస్తోంది.

దుప్పటి కింద కదలిక వచ్చింది. ముందు వేలు బయటికొచ్చింది. వెనకే గొంతు వచ్చింది.

"మీరు. ఆ సూది లోపల పెట్టండి. ఆయన నాడి చూడండి."

సహాయకుడు సూది లోపల పెట్టాకగానీ తనెందుకు పెట్టాడో ఆలోచించలేదు. నాడి చూశాడు. మిషన్ పెట్టి చూశాడు. "మామూలుగానే ఉందే" అన్నాడు. "కానీ మేడమ్, ఒకసారి ఎక్కించుకున్నాక మధ్యలో దింపడానికి లేదు. తెలిసినవాళ్ళెవరికైనా అప్పగించాలి."

"మా పరీక్ష చేసే మేడమ్ పెద్దాసుపత్రిలో హెడ్‌నర్సు. ఆవిడకి అప్పగించండి. డ్రైవరుగారూ, మీరు. ఎడమ పక్కకి తిప్పండి."

బండి ఎడమ పక్కకి తిరిగింది. భర్తకి అప్పుడే మెలకువొచ్చింది. "ఎవరు మాట్లాడింది?" అన్నాడు భయంగా. "నీ పెళ్ళామే. పడుకో" అన్నారు అత్తగారు.

శిక్షణ కేంద్రం ముందు బండి ఆగీ ఆగకముందే తలుపు తెరుచుకుంది. సూదికీ తనకీ మధ్య వీలైనంత దూరం పెంచాలని మామగారి ఆరాటం. మెట్టు వేసేదాకా ఆగకుండా దూకారు. కాలు మెలికపడింది. "అమ్మ" అన్న మాట నోటిదాకా వచ్చింది. కానీ వెనక సహాయకుడు పెట్టె పట్టుకుని దిగుతున్నాడు. ఆ మాట మింగేసి, నవ్వుమొహం పెట్టుకుని, గోడ పట్టుకుంటూ లోపలికి నడిచారు. దుప్పటి మడతపెడుతున్న కోడలు ఇదేమీ చూడలేదు.

పరీక్ష గదిలో ఓ బల్ల, నాలుగు కుర్చీలు, మూల ఒంటిచేతి రబ్బరు బొమ్మ. మేడమ్ కళ్ళజోడు సర్దుకుని, వచ్చినవాళ్ళందరినీ ఎగాదిగా చూసింది. అంబులెన్స్‌లో పరీక్షకొచ్చిన అభ్యర్థిని ఆవిడ చూడటం అదే మొదటిసారి. సహాయకుడు ముగ్గురినీ అప్పగించినట్టు ఆవిడ చేత సంతకం పెట్టించుకుని, ఏమవుతుందో చూద్దామని గుమ్మంలోనే నిలబడ్డాడు, పెట్టెతో సహా.

"మూడోసారి కదమ్మా" అంది మేడమ్. "ఇవాళ కూడా మర్యాదలైతే చెప్పు, ఇద్దరికీ శ్రమ తప్పుతుంది. సరే, మొదలుపెట్టు."

కోడలు మామగారి దగ్గరికెళ్ళింది. "పెద్దాయనా, ఏం జరిగింది? ఎక్కడ నొప్పి?"

మామగారు గుమ్మంలోని పెట్టె వైపు ఓసారి చూసి, "ఏం జరగలేదు. నాకు పుట్టి బుద్ధెరిగాక ఏ నొప్పీ లేదు" అన్నారు.

మేడమ్ కలం మూత పెట్టింది. "రోగికి నొప్పి లేకపోతే నీకు పరీక్ష లేదమ్మా. ఇంటి దగ్గర నేర్పి తీసుకురావాల్సింది."

పాత కోడలైతే ఈపాటికి "ఫరవాలేదు లెండి" అని గుమ్మం దాకా వెళ్ళిపోయేది. ఆ మాట నిజంగానే పెదాల మీదికొచ్చింది. కానీ ఆమె కళ్ళు అలవాటుగా తమ పని తాము చేసుకుపోతున్నాయి. ముసలివాళ్ళు ఫరవాలేదంటే ఎక్కడ చూడాలో ఆ కళ్ళకి తెలుసు. మామగారు ఒంటికాలి మీద నిలబడ్డారు, చెరువుగట్టున కొంగలాగా. పై పెదవి మీద చెమట.

"కూర్చోండి మామయ్యా."

"అక్కర్లేదమ్మా. నిలబడితే రక్తం బాగా ఆడుతుంది."

"కూర్చోండి."

కూర్చున్నారు. పక్కనున్న భర్త కూడా కూర్చున్నాడు. గుమ్మంలో సహాయకుడు కూర్చోబోయి, కుర్చీ లేదని ఆగాడు.

కోడలు ఆయన మేజోడు మెల్లగా లాగింది. చీలమండ నున్నగా ఉబ్బి ఉంది. "అది ఎప్పుడూ అంతేనమ్మా, నా వాటమే అంత" అన్నారు మామగారు. ఆమె వేలితో తాకింది. ఆయన నవ్వుతూనే ఉన్నారు, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

"మీరు, పెట్టె పక్కన పెట్టి ఐస్ తీసుకురండి. మీరు, కళ్ళజోడు మేడమ్, ఆ కుర్చీ ఇటు లాగండి. ఏమండీ, మీరు గోడవైపు చూడండి. మామయ్యా, కదలకండి. నోరు మూసుకోండి."

మేడమ్ కుర్చీ లాగింది. సహాయకుడు ఐస్ కోసం పరుగెత్తాడు. భర్త గోడవైపు తిరిగాడు. మామగారు నోరు మూసుకున్నారు, అత్తగారికి అది ఇన్నేళ్ళ కాపురంలో సాధ్యపడలేదు. కోడలు ఆయన కాలెత్తి కుర్చీ మీద పెట్టి, ఐస్ అద్ది, వేళ్ళ మొదలు నుంచి పైకి ఒకదాని మీద ఒకటి వరసగా కట్టు చుట్టింది. "వేళ్ళు కదపండి. తిమ్మిరిగా ఉందా? లేదు కదా" అని అడిగింది. ఆ అడగడంలో మాత్రం పాత మెత్తదనమే ఉంది.

మేడమ్ దగ్గరికొచ్చింది. "వాపు భలే పెట్టారే. దూదా, మైనమా?" అంటూ వేలితో నొక్కింది. మామగారు పెట్టిన కేకకి మూలనున్న బొమ్మకి రెండో చెయ్యి కూడా ఊడి కింద పడింది.

"నిజంగా బెణికిందా?" అంది మేడమ్, వేలు వెనక్కి లాక్కుని.

"బండి దిగేటప్పుడు" అన్నారు మామగారు గొణుగుతూ. ఆపైన కోడలి వైపు తిరిగారు. "పాతికేళ్ళుగా నొప్పి అంటే ఒక్కరూ నమ్మలేదమ్మా. ఇవాళ ఉన్న నొప్పి లేదంటే నువ్వొక్కదానివే నమ్మలేదు."

కోడలికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింటికీ కలిపి కట్టుగుడ్డ చివర మరోసారి గట్టిగా ముడేసింది. మేడమ్ పాస్ అని రాసి, కింద ఒక్క ముక్క చేర్చింది: అభ్యర్థి గొంతు కొంచెం తగ్గించుకోవాలి.

సాయంత్రానికి ఇంటి నిండా జనం. ఎన్నడూ తలుపు తీయనివాళ్ళంతా పండ్లు పట్టుకుని వచ్చారు. మామగారు రెండు దిండ్ల మీద కాలు పెట్టుకుని మహారాజులా పడుకున్నారు. లాండ్రీ ఆయన నలిగిన చొక్కాలు మళ్ళీ ఇస్త్రీ చేసి తెచ్చి, మంచం పక్కన కూర్చుని, కట్టు వంక చాలాసేపు చూశాడు.

"గుండె అన్నారు కదండీ. మరి కట్టు కాలికేమిటి?"

మామగారు వంటింటి వైపు ఓసారి చూసుకుని, గొంతు తగ్గించారు.

"గుండెదేనయ్యా. కాలికి దిగింది."